క్రొయేషియా తీరంలో టెంటు వేసుకుని సెలవులు గడపాలంటే: తేదీలు ఎంచుకోవడం నుంచి టెంటు మడిచేదాకా

వేసవి దగ్గరపడుతోందంటే చాలు, జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లూ, వాళ్లను చూడ్డానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లే తల్లిదండ్రులూ అడిగే ప్రశ్న ఒకటే. క్రొయేషియాలో సముద్రం పక్కన టెంటు వేసుకుని వారం పది రోజులు ఉండాలంటే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందే ఒక మాట. అక్కడ ఖాళీగా కనబడిన చోటల్లా టెంటు వేయడం కుదరదు. అనుమతి ఉన్న క్యాంపుల్లోనే ఉండాలి. బీచ్ మీదో, రోడ్డు పక్కన కారులోనో రాత్రి పడుకుంటే పోలీసులు వచ్చి లేపుతారు, జరిమానా కూడా వేస్తారు. అయితే ఆ క్యాంపుల్లో వేడినీళ్ల షవర్లు, కరెంటు, వాషింగ్ మెషీన్, చిన్న కొట్టు ఉంటాయి కాబట్టి కష్టపడాల్సింది పెద్దగా ఏమీ లేదు.

మరి ఇన్ని యాత్రలు ఎందుకు చెడతాయంటే, ప్లానులో ఊళ్లు ఎక్కువైపోయి. రెండు రోజులకోసారి టెంటు పీకి ఇంకో చోట వేసే పథకంలో సగం సెలవు సామాను సర్దడానికే పోతుంది. పది రోజులకు రెండు మకాములు, మరీ అయితే మూడు. ఈ లెక్క మనసులో పెట్టుకుని మిగతావి చదవండి.

1. ముందు తేదీలు ఖాయం చేసుకోండి

చాలా క్యాంపులు ఏప్రిల్‌లో తెరిచి అక్టోబరులో మూసేస్తాయి. జూలై, ఆగస్టుల్లో రద్దీ, ధర, ఎండ మూడూ తారస్థాయిలో ఉంటాయి. ఆగస్టు 15 అక్కడ పండగ. దానికి అటూ ఇటూ వారం రోజులు తీరమంతా కిటకిటలాడుతుంది.

నా ఓటు జూన్ రెండో సగానికి, లేదా సెప్టెంబరు మొదటి మూడు వారాలకు. మేలో ఎండ చూసి మోసపోవద్దు, నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. సెప్టెంబరులో మాత్రం వేసవంతా వేడెక్కిన సముద్రం ఆ వెచ్చదనాన్ని ఇంకా కొన్నాళ్లు నిలుపుకుంటుంది. నెలాఖరుకు ఉరుములతో వానలు మొదలవుతాయి.

పిల్లల బడి వల్ల సెప్టెంబరు కుదరదనే వాళ్లకు ఒక సంగతి. బవేరియాలో వేసవి సెలవులు సుమారుగా సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటాయి. మ్యూనిక్‌లో ఉన్నవాళ్లు ఆ చివరి రోజుల్ని వాడుకుంటే ఆగస్టు ధరలు తప్పుతాయి.

శనివారం ప్రయాణం పెట్టుకోకండి. అపార్ట్‌మెంట్లలో వారం లెక్కన దిగినవాళ్లు మారేది శనివారమే. ఆ రోజు స్లొవేనియా సొరంగాల దగ్గర నుంచి రాజధాని జాగ్రెబ్ బయటి లుచ్కో టోల్ గేటు దాకా కార్లు బారులు తీరతాయి. మంగళ, బుధవారాలు హాయి.

2. వీసా, పత్రాలు: ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది

2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో (ఒకే వీసాతో, మామూలుగా సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) చేరింది, అదే రోజు యూరో కూడా వచ్చింది. పాత కరెన్సీ కూనాతో ఇక పని లేదు. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, కార్డు రెండూ దగ్గర పెట్టుకుని వెళ్లొచ్చు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. స్లొవేనియా సరిహద్దులో ఆపరని కార్డు ఇంట్లో వదిలేయకండి. ఎప్పుడైనా తనిఖీ ఉండొచ్చు, క్యాంప్ రిసెప్షన్‌లో పాస్‌పోర్టు ఎలాగూ అడుగుతారు.

భారత్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లు, ఎక్కువ రాత్రులు క్రొయేషియాలోనే ఉంటే, ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బస రుజువుగా క్యాంప్ బుకింగ్ చూపించవచ్చు, కానీ అందులో వెళ్లే వాళ్లందరి పేర్లూ ఉండేలా చూసుకోండి. "ఒక టెంటు, నలుగురు" అని మాత్రమే రాసి ఉంటే మళ్లీ మెయిల్ పెట్టి పేర్లతో తెప్పించుకోవడమే మేలు.

ఇక ఉచ్చు సంగతి. స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ వెళ్లే తీరం రోడ్డు నేయుమ్ అనే ఊరి దగ్గర కొద్ది దూరం బోస్నియాలోంచి పోతుంది. బోస్నియా షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) వీసా ఉన్నవాళ్లు ఆ కాస్త దూరం దాటినా షెంగెన్ నుంచి బయటకు పోయినట్టే. తిరిగి లోపలికి రావడానికి వీసా మిగలదు. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ రెండుసార్లు చదవండి.

దీనికి విరుగుడు పెల్యేషాట్స్ వంతెన. 2022 జూలైలో తెరిచారు, పొడవు దాదాపు 2.4 కిలోమీటర్లు. దాని మీదుగా వెళ్తే క్రొయేషియా దాటాల్సిన పనే లేదు. ఫోన్‌లో మ్యాప్ ఏ దారి చూపిస్తుందో చూస్తూ కూర్చోకుండా, వంతెనను మధ్యలో ఒక స్టాప్‌గా పెట్టేయండి. బోస్నియాలోని మోస్తార్, మాంటెనీగ్రోలోని కోటోర్ చూపిస్తామంటూ అమ్మే ఒకరోజు టూర్లు కూడా షెంగెన్ బయటకే పోతాయి. సింగిల్ ఎంట్రీ వాళ్లు వాటి జోలికి పోవద్దు.

కారు అద్దెకు తీసుకుంటే ఇండియా లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. వేరే దేశంలో తీసుకున్న కారైతే క్రొయేషియాకు తీసుకెళ్లే అనుమతి, ఓడ ఎక్కించే అనుమతి కాగితంలో ఉన్నాయో లేదో చూడండి.

3. ఎక్కడ దిగాలి

దేశం మ్యాపులో తీరం చాలా పొడుగు. అంతా ఒక్కసారే చూడాలనుకుంటే కారు సీటు తప్ప ఏమీ గుర్తుండదు.

మ్యూనిక్ నుంచి వారం సెలవుతో కారులో వచ్చేవాళ్లకు వాయవ్య మూలన ఉన్న ఇస్త్రియా ద్వీపకల్పం చాలు. రోవిన్ దగ్గర ఒక్క క్యాంపు వేసుకుని పూలాలోని రోమన్ రంగస్థలం, పోరెచ్‌లోని యూఫ్రేసియన్ బసిలికా, కొండమీద మోతోవున్ ఊరు, అన్నీ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. దారిలో ఆస్ట్రియా, స్లొవేనియా రెండింటికీ వినియెట్ (మోటార్‌వే వాడటానికి ముందే కొనే స్టిక్కరు) కొనాలి. టావెర్న్, కారవాంకెన్ సొరంగాలకు విడిగా టోల్. క్రొయేషియాలో వినియెట్ లేదు, మోటార్‌వే మీద వెళ్లిన దూరాన్ని బట్టి టోల్ కడతారు.

చిన్న పిల్లలు, పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్తుంటే జాదర్, షిబెనిక్ మధ్య ప్రాంతం ఎంచుకోమంటాను. నిన్ ఊరి దగ్గర ఇసుక బీచ్ ఉంది, లోతు మెల్లగా పెరుగుతుంది. క్రొయేషియాలో అది అరుదు, మిగతా తీరమంతా గులకరాళ్లు, బండలే. అక్కడి నుంచి క్ర్కా జలపాతాలు, జాదర్, షిబెనిక్ అన్నీ దగ్గర.

రెండు వారాల దాకా వీలుంటే ఈ వరుస బాగుంటుంది: ప్లిట్విట్సే సరస్సుల దగ్గర రెండు రాత్రులు, జాదర్ వైపు ఐదు, స్ప్లిట్ పక్కన స్తోబ్రెచ్‌లో లేదా పెల్యేషాట్స్ ద్వీపకల్పంలోని ఒరెబిచ్‌లో ఐదు. ఒరెబిచ్ నుంచి ఎదురుగా కనబడే కోర్చులా ద్వీపానికి ఓడలో కాసేపట్లో చేరుకోవచ్చు. దుబ్రోవ్నిక్ పొద్దున్నే బయల్దేరి చూసిరావొచ్చు.

4. క్యాంప్ బుక్ చేసేటప్పుడు

వెబ్‌సైట్‌లో ఈత కొలను ఫొటోలు చూసి బుక్ చేసేయకండి. అసలు చూడాల్సింది నీడ. జూలైలో నీడ లేని చోట టెంటు వేస్తే ఉదయం ఎనిమిదింటికే లోపల ఉండలేరు. క్యాంపు పేరును శాటిలైట్ మ్యాప్‌లో తెరిచి పెద్దగా చేసి చూడండి. పైన్ చెట్ల పచ్చదనం ఉందా, బూడిదరంగు నేల మీద తెల్లటి క్యారవాన్ల కప్పులే కనబడుతున్నాయా, నిమిషంలో తెలిసిపోతుంది.

స్థలాలు రెండు రకాలు. "పార్సెలా" అంటే హద్దులు, నంబరు ఉన్న స్థలం, ముందే బుక్ చేయొచ్చు. నంబరు లేని స్థలాలు ముందొచ్చినవాళ్లవి, చవక. జూలై, ఆగస్టుల్లో పార్సెలాయే తీసుకోండి. జూన్, సెప్టెంబరుల్లో నంబరు లేనిదే బాగుంటుంది, ఎందుకంటే నడిచి చూసి నచ్చిన చెట్టు కింద వేసుకోవచ్చు. సముద్రం పక్క మొదటి వరుసకు ఎక్కువ డబ్బు అడుగుతారు. టెంటు వాళ్లకు అది దండగ అనే నా అభిప్రాయం. గాలి మొదట తగిలేది అక్కడే, నీడ తక్కువా అక్కడే.

ఇంకోటి, కుటుంబంతో వెళ్లేవాళ్లు తప్పక చూడాల్సింది. క్యాంపు పేరు పక్కన "ఎఫ్‌కేకే" అనో "నేచురిస్ట్" అనో ఉంటే అది బట్టలు లేకుండా తిరిగేవాళ్ల క్యాంపు. క్రొయేషియాలో ఇవి కొత్తేమీ కాదు. వ్ర్సార్ దగ్గరి కోవెర్సాడా 1961 నుంచీ ఉంది. శుభ్రంగా, అందంగా ఉంటాయి, ధరలూ బాగానే కనబడతాయి. అత్తమామలతో గేటు దాకా వెళ్లాక తెలియడం కంటే ముందే చూసుకోవడం నయం కదా.

బుక్ చేసే ముందు మెయిల్‌లో అడగాల్సినవి:

- ఆ స్థలంలో మధ్యాహ్నం మూడింటికి నీడ ఉంటుందా?
- నేల మట్టా, గులకా, రాయా? మేకు దిగుతుందా?
- కరెంటు ఎన్ని ఆంపియర్లు? స్థలం నుంచి పెట్టె ఎంత దూరం?
- టాయిలెట్లు ఎంత దూరం, దారి చదునుగా ఉందా? (మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇదే ముఖ్యం.)
- ఎన్ని గంటల తర్వాత స్థలం ఇస్తారు? రాత్రి ఎన్నింటికి గేటు మూస్తారు?
- టూరిస్టు పన్ను ధరలో కలిసి ఉందా, విడిగానా?

5. సామాను: ఏది తప్పనిసరి, ఏది బరువు

తీరమంతా సున్నపురాయి. టెంటుతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు ఆ నేల మీద రెండు దెబ్బలకే వంకర పోతాయి. అందుకే రాతి నేలకు పనికొచ్చే గట్టి ఉక్కు మేకులు, ఇనుప సుత్తి విడిగా కొనండి. రబ్బరు సుత్తి సరిపోదు. కాడలు బిగించగానే మేకులు లేకుండానే నిలబడే గుండ్రటి డోమ్ టెంటు ఇక్కడ మంచిది. మేకుల మీదే ఆధారపడి నిలిచే సొరంగం లాంటి పొడుగు టెంటుతో అవస్థ.

కరెంటు పెట్టెలో ఉండేది మన మామూలు సాకెట్టు కాదు. నీలం రంగులో, మూడు లావుపాటి పిన్నులతో సీఈఈ ప్లగ్ ఉంటుంది. దానికి అడాప్టరు, ఆరుబయట వాడే రబ్బరు కేబులు 25 మీటర్లది కావాలి. కొన్ని క్యాంపుల్లో అడాప్టరు అద్దెకిస్తారు, అందరూ ఇస్తారని లేదు.

మిగతావి:

- కింద పరవడానికి పట్టా, మందంగా ఉన్న పరుపు (గులక వీపుకు గుచ్చుకుంటుంది)
- జూలై, ఆగస్టులకు దుప్పటి చాలు. జూన్, సెప్టెంబరుల్లో, ప్లిట్విట్సే రాత్రులకు ఎప్పుడైనా స్లీపింగ్ బ్యాగ్
- నీడకు కట్టుకునే టార్పాలిన్, అదనపు తాళ్లు, బట్టలారేసే తాడు
- నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు, ఇంట్లో అందరికీ
- తలకు కట్టుకునే టార్చి, దోమల మందు, గడ్డిలోంచి ఒంటికి అంటుకునే పిడుదులను పట్టి తీసే చిమటా
- చెంబు లేదా మగ్గు. అక్కడి టాయిలెట్లలో ఉండదు, చెప్పక్కర్లేదు

విమానంలో వెళ్లేవాళ్లు గ్యాస్ డబ్బా చేతి సంచిలోనూ పెట్టకూడదు, చెక్-ఇన్‌లోనూ పెట్టకూడదు. అక్కడికెళ్లాక జాగ్రెబ్‌లోనో స్ప్లిట్‌లోనో క్రీడా సామాను దుకాణంలో కొనుక్కోవాలి. మరతో బిగించే డబ్బా వేరు, గుచ్చే డబ్బా వేరు. మీ పొయ్యి ఏ రకమో ఫొటో తీసి పెట్టుకోండి.

భారత్ నుంచి తిండి సామాను విషయంలో యూరోపియన్ యూనియన్ నియమం కఠినం. మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. పచ్చి కరివేపాకూ వద్దు. కందిపొడి, మామిడి ఆవకాయ, పులిహోర గొజ్జు, ఎండబెట్టిన కరివేపాకు పొడి తెచ్చుకోండి. ఆవకాయ సీసాలో కాకుండా గట్టి కవరులో రెండు వరుసలుగా సీలు చేయించండి.

6. చేరిన రోజు: ఈ వరుస తప్పకండి

మధ్యాహ్నం రెండు, మూడింటి మధ్య చేరేలా బయల్దేరండి. చీకట్లో రాతి నేల మీద టెంటు వేయడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా చికాకే.

మొదట రిసెప్షన్. అందరి పాస్‌పోర్టులూ తీసుకుంటారు. ఈవిజిటర్ అనే ప్రభుత్వ వ్యవస్థలో అతిథులను నమోదు చేయడం వాళ్ల చట్టపరమైన బాధ్యత. పాస్‌పోర్టులు మర్నాడు ఇస్తామంటే, ఇప్పుడే నమోదు చేసి ఇచ్చేయమని మర్యాదగా అడగండి. "దోబర్ దాన్" (నమస్కారం) అని పలకరించి "హ్వాలా" (థాంక్స్) అని ముగిస్తే పని ఇంకాస్త త్వరగా అవుతుంది.

తర్వాత కారులోంచి ఏమీ దించకుండా స్థలం చుట్టూ నడవండి. పైకి చూడండి, ఎండిన కొమ్మ వేలాడుతోందా? కిందికి చూడండి, వాన నీళ్లు పారిన చార ఉందా? ఎండ ఎటు తిరుగుతుందో ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూడండి. తెల్లవారుజామున తూర్పు వైపు నీడ ఉంటే ఇంకో రెండు గంటలు నిద్ర పడుతుంది.

ఇప్పుడు టెంటు. చిన్న రాళ్లు, పైన్ కాయలు ఏరేసి పట్టా పరవండి. పట్టా అంచు టెంటు బయటకు రాకూడదు, వస్తే వాన నీళ్లన్నీ కిందికే చేరతాయి. వెడల్పాటి గోడ కాకుండా ఇరుకైన వైపు ఈశాన్యానికి తిప్పండి, తలుపు అటు పెట్టకండి. కారణం తర్వాతి భాగంలో ఉంది.

మేకు కొట్టేటప్పుడు తొందర వద్దు. టెంటుకు ఎదురు దిశలో కాస్త వాల్చి పట్టుకుని, ముందు నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి. చప్పుడు "టక్‌టక్" అని బోలుగా ఉంటే మట్టిలోకి పోతోంది. "ఠంగ్" మని చెయ్యి జలదరిస్తే కింద బండ తగిలింది. అక్కడే బాదితే మేకైనా వంగుతుంది, వేలైనా నలుగుతుంది. రెండు వేళ్ల దూరం జరిపి మళ్లీ ప్రయత్నించండి. ఎక్కడా దిగకపోతే తాడు చివర ఉచ్చు వేసి, కొబ్బరికాయంత రాయికి చుట్టి, దాని ముందు ఇంకో పెద్ద రాయి ఆనించండి. తాళ్లన్నీ మొదటి రోజే కట్టేయండి. ఆకాశం నిర్మలంగా ఉందని వదిలేసినవాళ్లే అర్ధరాత్రి టార్చి పట్టుకుని తిరుగుతారు.

కేబులు, వంట సామాను అన్నీ చివర్లో.

7. గాలి సంగతి తెలుసుకోకుండా టెంటు వేయొద్దు

ఆడ్రియాటిక్ తీరంలో మూడు గాలుల పేర్లు గుర్తుంచుకోవాలి.

"బురా" ఈశాన్యం నుంచి, కొండల మీద నుంచి సముద్రం వైపు దూకే చల్లటి గాలి. ఒక్కసారిగా, విసురు విసురుగా వస్తుంది. చలికాలంలో దీని ఉగ్రరూపం చూడాలి, కానీ వేసవిలోనూ వస్తుంది. వెలెబిట్ కొండ శిఖరం మీద తెల్లటి మబ్బు టోపీ పెట్టినట్టు నిలిచిందంటే బురా రాబోతోందని స్థానికులు పసిగడతారు. జాదర్ వెనక మాస్లెనిట్సా ప్రాంతంలో మోటార్‌వే, క్ర్క్ ద్వీపం వంతెన, పాగ్ ద్వీపం వంతెన దీని వల్ల మూతపడుతుంటాయి. ముందుగా ఎత్తుగా ఉండే వాహనాలను, క్యారవాన్లను ఆపేస్తారు.

"యూగో" ఆగ్నేయం నుంచి వచ్చే తేమ గాలి. నెమ్మదిగా పెరుగుతుంది, వెంట వాన, పెద్ద అలలు. "మాయెస్ట్రల్" మధ్యాహ్నాలు సముద్రం మీద నుంచి హాయిగా వీచే వేసవి గాలి, దీనితో పేచీ లేదు.

రోజూ పొద్దున క్రొయేషియా వాతావరణ సంస్థ హెచ్చరికలు చూడండి, ప్రయాణం ఉంటే హాక్ అనే వాళ్ల ఆటో క్లబ్ యాప్‌లో రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. గట్టి బురా హెచ్చరిక ఉంటే ముందు టార్పాలిన్ దించేయండి. టెంట్లను చింపేది సగం సార్లు అదే. మరీ ఎక్కువైతే టెంటు కాడలు తీసి నేలకు పరిచేసి కారులో పడుకోవచ్చు. క్యాంపు లోపలే కాబట్టి ఎవరూ ఏమీ అనరు, అయినా రిసెప్షన్‌లో ఒక మాట చెప్పండి.

8. వంట

చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లండి, అన్నం దిగులు తీరిపోతుంది. కరెంటు లెక్క మాత్రం తెలియాలి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లు, 10 ఆంపియర్లంటే 2300. అయిదారు వందల వాట్ల కుక్కర్ ఎక్కడైనా నడుస్తుంది. 2000 వాట్ల కెటిల్, కుక్కర్ ఒకేసారి పెడితే 10 ఆంపియర్ల చోట కూడా ఫ్యూజు ఎగిరిపోతుంది. అప్పుడు పెట్టె తాళం కోసం రిసెప్షన్‌కు పరుగెత్తాలి.

కట్టెల మంట ఎక్కడా వద్దు. ఎండిన పైన్ ఆకుల్లో నిప్పురవ్వ పడితే కొండలే తగలబడిపోతాయి, అందుకే నియమాలూ జరిమానాలూ గట్టిగా ఉంటాయి. బొగ్గుల పొయ్యి క్యాంపు చూపించిన చోటే. గ్యాస్ పొయ్యి టెంటు లోపల వెలిగించకండి, వాన పడుతున్నా సరే.

2023 జూలై నుంచి అక్కడ దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలే తెరవాలనే చట్టం ఉంది. తీరంలో వేసవికే ఆ ఆదివారాలు ఎక్కువగా వాడుకుంటారు కానీ, మీ వారం అందులో ఉందో లేదో ఎవరికెరుక? కూరగాయలు, పెరుగు శనివారమే కొనేయండి. కాన్జుమ్, ప్లోదినె, టామీ, లిడిల్ సూపర్‌మార్కెట్లు అన్నిచోట్లా కనబడతాయి. క్యాంపు కొట్టులో ధర ఎక్కువ. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు మోయక్కర్లేదు.

తాలింపు వేస్తే పక్క టెంటు వాళ్లు తల తిప్పి చూడటం మామూలే. రాత్రి పది దాటాక ఇంగువ తాలింపు, గట్టిగా ఫోన్ మాట్లాడటం రెండూ మానేస్తే పక్కవాళ్లే మర్నాడు వచ్చి ఏం వండారని అడుగుతారు.

9. చూడాల్సినవి, చూసే పద్ధతి

ప్లిట్విట్సే సరస్సులు: పదహారు సరస్సులు ఒకదానిలోంచి ఒకటి జారుతుంటాయి. టికెట్ మీద లోపలికి వెళ్లే గంట రాసి ఉంటుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. వేసవిలో పెద్దవాళ్లకు సుమారు 40 యూరోలు, ఏడేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఉదయం మొదటి గంటలు తీసుకోండి. పార్కు నడిపే కోరానా క్యాంపులో దిగితే ఏడెనిమిది కిలోమీటర్లే. పెద్దవాళ్లతో అయితే రెండో గేటు నుంచి మొదలయ్యే "హెచ్" దారి నయం. పార్కు బస్సు పైకి తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఎక్కువగా దిగుతూ రావడమే, మధ్యలో పడవ ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. చెక్క దారుల మీద పిల్లల బండి నడవదు, భుజానికెత్తుకునే సంచి తెచ్చుకోండి. ఈత నిషేధం.

క్ర్కా: పాత ఫొటోల్లో జలపాతం కింద జనం ఈత కొడుతూ కనబడతారు. స్క్రాదిన్‌స్కి బుక్ అనే ఆ జలపాతం దగ్గర 2021 నుంచి ఈత ఆపేశారు. స్నానం బట్టలు అక్కడి కోసం మోయకండి. స్క్రాదిన్ ఊరి నుంచి పడవలో వెళ్లడమే బాగుంటుంది.

స్ప్లిట్: డయోక్లీషియన్ చక్రవర్తి నాలుగో శతాబ్దం మొదట్లో కట్టుకున్న భవనంలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. వీధుల్లో తిరగడానికి టికెట్ లేదు, నేలమాళిగలకు, గుడికి ఉంది. మధ్యాహ్నం మానేసి సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. ఈత దుస్తులతో పాతబస్తీలో తిరిగితే జరిమానా వేస్తారు. హ్వార్ ద్వీపంలోని హ్వార్ ఊళ్లోనూ అంతే.

దుబ్రోవ్నిక్: కోట గోడ చుట్టు 1940 మీటర్లు. మెట్లెక్కువ, నీడ అసలే లేదు. తెరవగానే ఎనిమిదింటికి పీలె ద్వారం దగ్గర ఎక్కండి. పదింటికల్లా దిగిపోవాలి. దాదాపు గోడల టికెట్ ధరకే ఒకరోజు దుబ్రోవ్నిక్ పాస్ వస్తుంది, అందులో గోడలతో పాటు సిటీ బస్సు, మ్యూజియంలు ఉంటాయి. కారు పాతబస్తీ దాకా తీసుకెళ్తే పార్కింగ్‌కు చుక్కలు కనబడతాయి. దూరంగా ఆపి బస్సెక్కండి.

జాదర్‌లో 2005లో నికోలా బాషిచ్ కట్టిన సముద్ర వాద్యం మెట్ల కింద గొట్టాల్లోకి అలలు చేరినప్పుడల్లా మోగుతుంది. సూర్యాస్తమయానికి అక్కడ కాలు పెట్టే చోటుండదు. పొద్దున వెళ్లి మెట్ల మీద కూర్చుంటే ఇంకా బాగా వినబడుతుంది.

ద్వీపాలకు కారుతో వెళ్లే ఓడల్లో చాలావాటికి టికెట్ కొన్నంత మాత్రాన ఆ ఓడలో చోటు ఖాయం కాదు, వరుసలో ముందున్న కారుదే చోటు. ఆగస్టులో గంటన్నర ముందు చేరండి. ఒక్కరోజు చూసి రావడానికైతే కారు ఇవతలే వదిలి నడిచి ఎక్కండి. స్ప్లిట్ నుంచి బ్రాచ్ ద్వీపంలోని సుపెతార్‌కు 50 నిమిషాలే.

10. నీళ్లలో దిగే ముందు

రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల బంతుల్లాంటి సముద్రపు జీవులుంటాయి. తొక్కితే ముళ్లు విరిగి లోపలుండిపోతాయి. అందుకే ఆ రబ్బరు బూట్లు. గుచ్చుకుంటే గోళ్లతో పీకకండి. వేడినీళ్లలో కాలు ఉంచి, చిమటాతో నిదానంగా తీయండి, లోతుగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గాలి నింపిన పరుపు మీద పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. నేల నుంచి వీచే గాలి నిమిషాల్లో లోపలికి లాక్కుపోతుంది, ఒడ్డు నుంచి చూస్తే నీళ్లు నిశ్చలంగానే కనబడతాయి. ఏ అత్యవసరానికైనా 112, సముద్రంలో ప్రమాదానికి 195. జర్మనీలో ప్రభుత్వ బీమా ఉన్నవాళ్ల కార్డు వెనకవైపే యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డుగా పనిచేస్తుంది, పర్సులో ఉంచుకోండి.

11. ఇలా అయితే ఏం చేయాలి

స్థలం చూశాక నచ్చలేదు: సామాను దించకముందే రిసెప్షన్‌కు వెళ్లండి. టెంటు వేశాక మార్చమంటే ఒప్పుకోరు.

పొద్దున టెంటు లోపలి గోడలు తడిగా ఉన్నాయి: కారుతున్నది వాన కాదు, మీ ఊపిరి తేమే. రాత్రి పైన గాలి కంతలు తెరిచి పడుకోండి.

టెంటు మీద పైన్ జిగురు పడింది: తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఇంకా పాకుతుంది. ఎండనిచ్చి, ఐసు ముక్క అద్ది, గట్టిపడ్డాక పెళ్లలుగా తీయండి.

చీమలు: తిండి ఏదీ టెంటులో వద్దు, రాత్రి అంతా కారు డిక్కీలో పెట్టండి.

పెద్దవాళ్లకు నేల మీద పడుకోవడం కష్టంగా ఉంది: చాలా క్యాంపుల్లో మొబైల్ హోమ్‌లు (మంచాలున్న చిన్న ఇళ్లు) ఉంటాయి. వాళ్లకు ఒకటి తీసుకుని పక్కన మీరు టెంటు వేసుకోవచ్చేమో బుకింగ్ రోజే అడగండి. అక్కడికెళ్లాక ఆగస్టులో దొరకవు.

12. బయల్దేరే రోజు

స్థలం ఖాళీ చేయాల్సిన గంట ముందు రోజే కనుక్కుని, లెక్క కూడా రాత్రే కట్టేయండి. పొద్దున రిసెప్షన్‌లో వరుస పెద్దది. పాస్‌పోర్టులన్నీ చేతిలో ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి.

లేవగానే పరుపులు బయటపడేసి టెంటు తలుపులన్నీ తెరవండి. మంచు తడి ఆరడానికి గంట పడుతుంది. ఈలోగా టిఫిన్, మిగతా సర్దుడు. మేకులు తాడు పట్టి లాగితే తాడే తెగుతుంది. ఇంకో మేకు కొక్కేన్ని దాని మెడకు తగిలించి, కొట్టిన దిశలోనే వెనక్కి లాగండి. లెక్కపెట్టి సంచిలో వేయండి, వదిలేసిన మేకు తర్వాతి వాళ్ల కాలికి గుచ్చుకుంటుంది.

ఉప్పు గాలికి జిప్పులు బిగుసుకుపోతాయి. మడిచే ముందు మంచినీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. తడిగా మడవక తప్పకపోతే, ఇల్లు చేరిన రోజే బాల్కనీలో పరిచేయండి. రెండ్రోజులు అలాగే వదిలేస్తే బూజు మచ్చలు పడతాయి, అవి ఎంత ఉతికినా పోవు.